సార్ రాసిచ్చిన ఊటీ

సార్ పోయారని అక్క ఫోన్ చేసినప్పుడు నేను గ్యారేజీలో, పైకి ఎత్తిపెట్టిన ఒక పాత వ్యాన్ కింద నిలబడి ఉన్నాను. మధ్యాహ్నం రెండు దాటింది. "తమ్ముడూ, నాన్న వెళ్ళిపోయాడు. భోజనం చేసి కుర్చీలో కూర్చున్నాడట. మళ్ళీ లేవలేదు" అంది. గొంతులో ఏడుపు లేదు. నర్సు కదా, ఇలాంటి కబురు ఇప్పటికి ఎంతమందికి చెప్పి ఉంటుందో! తన తండ్రి కబురు కూడా అదే గొంతుతో చెప్పింది. నేను "అయ్యో అక్కా" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, అప్పటిదాకా విప్పిన నట్లన్నీ మళ్ళీ బిగించి, చేతులు కడుక్కుని, బాసుకు చెప్పి బయటపడ్డాను. నట్లు ఎందుకు బిగించానో నాకు తెలియదు. ఆ వ్యాన్ పని అప్పటికి సగం కూడా కాలేదు.

ఇది చదివేవాళ్ళలో సార్‌ను చూసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. న్యూజిలాండ్‌కు ఈ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో మన తెలుగువాళ్ళమే తక్కువ. అందులో సార్ ఎవరింటికీ వెళ్ళేవారు కాదు. అయినా రాస్తున్నాను. ఆయన గురించి నేనొక మంచి మాట చెప్పాలి, నా గురించి ఒక చెడ్డ మాట ఒప్పుకోవాలి. రెండూ ఒకదాంతో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

ఆయన గుంటూరు జిల్లా మనిషి. పాతికేళ్ళకే ఊటీ వెళ్ళి, అక్కడ ఒక బోర్డింగ్ స్కూల్లో ముప్ఫైమూడేళ్ళు చరిత్ర పాఠం చెప్పారు. భార్య పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. కూతురంటే అక్క. ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని నేను అడగలేదు. నేను పాలిటెక్నిక్‌లో చేరడానికి వరంగల్ నుంచి వచ్చి వాళ్ళ పక్కింట్లో అద్దెకు దిగాను. వచ్చిన మొదటి వారమే సార్ కంచె అవతలినుంచి నన్ను పిలిచి, "ఏరా అబ్బాయ్, చలికాలంలో ఆ చెప్పులేంట్రా?" అని తిట్టి, తన పాత బూట్లు ఇచ్చారు. నాకవి ఒక సైజు పెద్దవి. రెండు జతల సాక్సులు వేసుకుని రెండు చలికాలాలు గడిపాను.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. కుడి, ఎడమ అనేవారు కాదు. మీదికి, కిందికి అనేవారు. ఊటీలో అందరూ అలాగే అంటారట. అంగడి కిందికి, స్కూలు మీదికి, చర్చి ఇంకా మీదికి. ఈ ఊరేమో చపాతీ కర్ర పెట్టి ఒత్తినట్టు ఉంటుంది. వీధులన్నీ వెడల్పుగా, తిన్నగా, ఒకదానికొకటి కవలల్లా ఉంటాయి. ఒకటే అంతస్తు ఉన్న ఇంట్లో కూడా ఆయన "కిందికెళ్ళి నీళ్ళు పట్రా" అంటే వంటగదిలోంచి అని అర్థం చేసుకోవాలి. "ఈ ఊరికి మీదా లేదు, కిందా లేదు. మనిషికి తానెక్కడున్నాడో ఎలా తెలుస్తుందిరా?" అని విసుక్కునేవారు. నేను నవ్వేవాణ్ణి. తర్వాత్తర్వాత ఆయన నిజంగానే దారి తప్పడం మొదలుపెట్టాక నవ్వడం మానేశాను.

పాఠం చెప్పే పద్ధతి కూడా ఆయనది వేరు. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను ఇద్దరిద్దరిగా జతలు చేసి, చేతికి రెండు కాగితాలిచ్చి, ఊరి మీదికి పంపేసేవారట. ఏ దారిన వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో, ఏం చూడాలో అందులో రాసి ఉండేది. తాను మాత్రం క్లాసురూములోనే టీ పెట్టుకుని కూర్చునేవారు. "మీరు వెంట ఎందుకు పోలేదు సార్?" అని ఒకసారి అడిగాను. "నేను వెంట వస్తే వాళ్ళు నన్ను చూస్తారు. ఊరిని చూడరు" అన్నారు. సాయంత్రం తిరిగొచ్చాక ఒక్కో జతనీ ఒక్కటే ప్రశ్న అడిగేవారు. ఎవరు నడిచారో, ఎవరు బేకరీలో కూర్చుని వర్కీలు తిని వచ్చారో దాంతో తేలిపోయేదట. వర్కీ అంటే పొరలు పొరలుగా ఉండే ఊటీ బిస్కెట్. "నడిచినవాడికి అలసట ఉంటుందిరా, నడవనివాడికి వివరాలుంటాయి" అనేవారు.

ఆ నడకలో గవర్నర్ల బంగళాలు ఉండేవి కావు. తెల్లవాళ్ళు ఎండ పడక కొండెక్కి కట్టుకున్న ఊరది. ఆ ఊరి కథను పిల్లలకు మోసినవాళ్ళ వైపునుంచి చెప్పేవారు. పాత చర్చి దూలాలను శ్రీరంగపట్నం నుంచి కొండమీదికి చేర్చారని పుస్తకంలో ఉంటుంది. "చేర్చారు అంటే ఎవరు?" అని ఈయన ప్రశ్న. "కట్టించినవాడి పేరు గోడమీదే ఉంటుంది. మోసినవాళ్ళెవరో నువ్వు అడిగి తెలుసుకోవాలి." ఈ మాట అన్నప్పుడల్లా ఎదురుగా ఎవరున్నా వేలు చూపించేవారు. ఇంట్లో నేను ఒక్కణ్ణే ఉండేవాణ్ణి కాబట్టి ఆ వేలు ఎప్పుడూ నా వైపే ఉండేది.

మూడో ఏడు చలికాలం నుంచి ఆయనకు మరుపు ముదిరింది. ఒకసారి పాల కోసమని బయటికి వెళ్ళి, రెండు వీధుల అవతల ఎవరింటి మెట్ల మీదో కూర్చుండిపోయారు. మూలమీద చిన్న కొట్టును ఇక్కడ డెయిరీ అంటారు. అది నడిపే గుజరాతీ ఆయన గుర్తుపట్టి తీసుకొచ్చి దింపాడు. ఇంకోసారి పొయ్యి మీద గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్మింది. డాక్టరు ఏవేవో బొమ్మలు గీయించి, ప్రశ్నలడిగి, ఈయనను ఒంటరిగా ఉంచడం ప్రమాదమని చెప్పారు. వృద్ధాశ్రమాన్ని ఇక్కడ రెస్ట్‌హోమ్ అంటారు, ఆ సంగతి ఆలోచించమన్నారు.

అక్క ఒప్పుకోలేదు. "రోజంతా ఊళ్ళోవాళ్ళ నాన్నలకి తినిపించి, ఒళ్ళు తుడిచి, మా నాన్నని తీసుకెళ్ళి ఇంకెవరి చేతుల్లోనో పెట్టనా? ప్రాణం పోయినా పెట్టను" అంది నాతో. డ్యూటీలు మార్చుకుంది. రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు ఆయనను పడుకోబెట్టి, పొద్దున్నే పరుగెత్తుకొచ్చి, పగలంతా ఆయన వెనకే తిరిగేది. ఎప్పుడు నిద్రపోయేదో తెలియదు. నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ మాట మధ్యలో ఆగి, "ఏం అంటున్నాను?" అనేది. మరుపు ఎవరికొచ్చిందో తెలియనట్టు ఉండేది ఆ ఇల్లు.

అప్పుడు నాకు పెళ్ళి కుదిరింది. డిసెంబరులో వరంగల్‌లో పెళ్ళి, ఆ తర్వాత హనీమూన్‌కు మనవాళ్ళందరికీ అలవాటైన ఊటీ. ఈ మాట వినగానే సార్ మొహం వెలిగిపోయింది. రెండు వారాలపాటు పొద్దున పూట కూర్చుని మూడు కాగితాలు రాశారు. అక్షరాలు వంకర పోయాయి కానీ కొట్టివేత ఒక్కటి లేదు. రైల్వే స్టేషన్‌లో మొదలుపెట్టి తొమ్మిది చోట్లు. బయలుదేరే ముందు నన్ను, అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఒరేయ్, ఇది నా తలకాయకి పరీక్ష. ఇందులో ఉన్నది ఉన్నట్టు నడిచి రా. తొమ్మిదీ దొరికితే నా తల బాగున్నట్టు. నేను ఈ ఇల్లు కదలను, డాక్టరు కాదు కదా ఎవరు చెప్పినా వినను. ఒక్కటి తప్పినా నేనే పెట్టె సర్దుకుంటాను."

"నాన్నా, అదేం పందెం? నేనొప్పుకోను" అంది అక్క.

"నీ ఒప్పుదలతో పని లేదమ్మా. పరీక్ష నాది, పేపరు దిద్దేది వీడు." అని కాగితాలు నా చేతిలో పెట్టారు.

ఇక నా చెడ్డ మాట చెప్పాలి. ఊటీలో మేము దిగిన హోటల్ చారింగ్ క్రాస్ అనే కూడలిలోని ఫౌంటెన్‌కు దగ్గర. సార్ లెక్కలో ఆ ఫౌంటెన్ నాలుగో చోటు. మొదటి మూడు చోట్లకు కిందికి, స్టేషన్ దాకా దిగి మళ్ళీ ఎక్కి రావాలి. సన్నగా వాన పడుతోంది. నా భార్య వేసుకున్నవి పెళ్ళి చెప్పులు, మడమ దగ్గర కోసుకుపోయాయి. పెళ్ళై ఆరు రోజులైంది, తెలియని ముసలాయన కోసం ఎందుకు నడవాలో ఆమెకు నేను ఇంకా సరిగ్గా చెప్పనేలేదు. మొదటి కాగితాన్ని చదవకుండానే మడిచి పెట్టెలో పెట్టి, రెండో కాగితం పట్టుకుని ఫౌంటెన్ దగ్గరినుంచి మొదలుపెట్టాను.

ఐదో చోటు ఒక పాత బేకరీ అరుగు. దొరికింది. సార్ చెప్పిన ఇనుప కొక్కేలు కూడా ఉన్నాయి, గుర్రాలు కట్టేసినవి. ఆరో చోటికి దారి ఇలా రాసి ఉంది: "కొండ వైపున ఏడో మెట్లదారి ఎక్కు. నలభైరెండు మెట్లు. పైన రెండు నిలువురాళ్ళ మీద ఒక అడ్డరాయి ఉంటుంది, మనిషి తలంత ఎత్తున. కూలీలు ఇంకొకరి సాయం లేకుండా నెత్తి మీద బరువు దించుకోవడానికి పెట్టింది. అక్కడ కాసేపు నిలబడు." నేను ఫౌంటెన్ దగ్గరినుంచి మెట్లదారులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళాను. ఏడోది ఎక్కితే పదిహేను మెట్లకే ఒక కాంపౌండ్ గోడ వచ్చి ఆపేసింది. ఆరోది చూశాను, ఎనిమిదోది చూశాను. టీ కొట్టు అతణ్ణి హిందీలో అడిగితే అతను తమిళంలో ఏదో చెప్పి టీ చేతికిచ్చాడు. తాగి ముందుకు వెళ్ళాం. ఏడు, ఎనిమిది, తొమ్మిది చోట్లు మూడో కాగితంలో ఉన్నాయి, మూడూ దొరికాయి.

తిరిగొచ్చాక ఒక శనివారం పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. సార్ స్వెట్టర్ గుండీలు సరిగ్గా పెట్టుకుని, తల దువ్వుకుని కూర్చుని ఉన్నారు. నేను రాగానే, "అమ్మా, ఇలా రా. వీడేం చెప్తాడో నువ్వు కూడా విను" అని వంటగదిలోంచి అక్కను పిలిచారు.

"అంతా నడిచావా?"

"నడిచిన సార్."

"స్టేషన్ దగ్గర్నుంచి?"

"ఆఁ, స్టేషన్ కాడికెళ్ళే."

"మూడో చోట గుర్రాల తొట్టి ఉండాలే. నీళ్ళు పడుతున్నాయా ఇంకా?"

"పడుతున్నయ్ సార్. మస్తు చల్లగున్నయ్. మొహం గూడ కడుక్కున్న."

ఆయన తలూపారు. "సరే, చెప్పు."

ఇక్కడ నేను ఆగి ఉండవచ్చు. తొమ్మిదీ దొరికాయని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అప్పుడే ఒక అబద్ధం ఆడాను కాబట్టి రెండోది ఆడకూడదని నాకేదో పౌరుషం వచ్చింది. పైగా ఆయన రోగం సంగతిలో ఆడకూడదు, అక్కకు తెలియాలి అనుకున్నాను. "ఆరో చోటు దొరకలే సార్. ఏడో మెట్లు ఎక్కిన. గోడ అడ్డమొచ్చింది. ఆ రాళ్ళు అక్కడ లెవ్వు" అన్నాను.

సార్ అక్క వైపు తిరిగి, "చూశావా అమ్మా? ముప్ఫైమూడేళ్ళు చెప్పిన పాఠం అది. నీ తప్పేం లేదు, డాక్టరు తప్పూ లేదు. నా పెట్టె ఎక్కడుంది?" అన్నారు. అక్క ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఆయన ఆమె తల నిమురుతూ, "వీడు పేపరు బాగా దిద్దాడు" అన్నారు. నేను గర్వపడలేదు కానీ, నిజం చెప్పానన్న ఊరట మాత్రం కలిగింది. ఆ ఊరట తలుచుకుంటే ఇవాళ నా మీద నాకే కంపరం పుడుతుంది.

ఫిబ్రవరిలో సార్ రెస్ట్‌హోమ్‌కు మారారు. ఊరి చివర, చుట్టూ గడ్డి, లోపలంతా ఒకే వెచ్చదనం. అక్కడి ముసలి న్యూజిలాండ్ వాళ్ళు ఈయనను 'ప్రొఫెసర్' అనేవారు. నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి. అక్క నిద్రపోవడం మొదలుపెట్టింది, మొహం తేటపడింది. అంతా మన మంచికే అనుకుంటూ ఆరు నెలలు గడిచాయి.

ఆగస్టులో నా భార్యకు వీసా వచ్చి ఇక్కడికి చేరింది. పెట్టెలు సర్దుతుంటే, ఊటీకి పట్టుకెళ్ళిన పెట్టె లోపలి అరలో మడత పడి ఉన్న మొదటి కాగితం దొరికింది. విప్పి చదివింది. చదివి నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఇది సదివినవా నువ్వు అసలు?"

"ఏముంది అందుల?"

ఆమె పైకి చదివింది. "మెట్లదారులు స్టేషన్ గేటు దగ్గర్నుంచి లెక్కపెట్టు. మూడో చోటికి వచ్చేసరికి నాలుగు అవుతాయి. మధ్యలో మొదలుపెట్టేవాళ్ళు ఏటా ఒకళ్ళిద్దరు ఉంటారు. వాళ్ళకి ఆరో చోటు ఎప్పటికీ దొరకదు."

అంటే మేము ఎక్కాల్సింది ఫౌంటెన్ దాటాక మూడోది. దాని ముందునుంచే నడిచి వెళ్ళాం, అక్కడ నా భార్య ఆగి చెప్పు సరిచేసుకుంది కూడా. సార్ తల బాగానే ఉంది. తప్పింది నేను. నా సోమరితనాన్ని ఆయన మతిమరుపు కింద రాసి, ఆయనను ఇంట్లోంచి పంపేశాను.

"ఇప్పుడేం జేస్తవ్?" అంది నా భార్య.

"పోయి చెప్పాలె."

మర్నాడే వెళ్ళాను. మంచి సమయానికే వెళ్ళాను, పొద్దున పదిన్నర. సార్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు, మోకాళ్ళ మీద దుప్పటి. నన్ను గుర్తుపట్టారు. కాగితం చేతిలో పెట్టి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. స్టేషన్‌కు పోలేదని, తొట్టి చూడలేదని, మొహం కడుక్కోలేదని. మాట్లాడుతుంటే ముక్కు కారుతోంది, తుడుచుకోలేదు. "తప్పు నాది సార్. మీ తల మంచిగున్నది. అక్కకు జెప్త. ఇంటికి పోదాం పాండ్రి."

సార్ కాగితం మడిచి దుప్పటి కింద పెట్టుకున్నారు. నవ్వుతున్నారు.

"ఆ తొట్టి నేను ఉద్యోగంలో చేరకముందే ఎండిపోయిందిరా. మొహం కడుక్కున్నానన్నావు చూడు, అప్పుడే తెలిసింది."

"తెలిసి గూడ ఎందుకు ఊకున్నరు సార్?"

"కొత్త పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని స్టేషన్ దాకా దిగి మళ్ళీ ఎక్కే మగాడు ఎవడున్నాడురా? నువ్వు మధ్యలో మొదలుపెడతావని తెలుసు. తప్పుడు దారి రాయడం నా చేత కాదు, చరిత్ర మాస్టర్ని. తప్పు నువ్వు చేస్తావని నమ్మకం."

"నడిచి ఉంటే? తొమ్మిదీ దొరికితే ఏం జేస్తుంటిరి?"

"ఇంకో ఊరు రాసేవాణ్ణి. కూనూరు ఉందిగా."

అప్పుడు చెప్పారు. అక్టోబరులో ఒకరోజు పొద్దున అక్క రాత్రి డ్యూటీ నుంచి వచ్చి, కారు ఇంటి ముందు ఆపి, దిగలేదట. స్టీరింగ్ మీద తల పెట్టి అలాగే నిద్రపోయింది. "ముందు గదిలో కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. కదలడం లేదు. ప్రాణం ఉందో లేదోనని భయమేసింది. వెళ్ళి లేపుదామని తలుపు దగ్గరికెళ్ళాను. ఆ గడియ ఎలా తియ్యాలో గుర్తు రాలేదురా. ఎటు తిప్పాలో. రోజూ తీసే గడియ. మళ్ళీ కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాను, అది లేచేదాకా."

దుప్పటి పైకి లాక్కున్నారు.

"పొద్దున పూట నా తల బాగానే ఉంటుంది. మధ్యాహ్నమైతే పొగమంచు దిగుతుంది, ఊటీలో లాగే. డాక్టరు అబద్ధం చెప్పలేదు. నేను వెళ్తానంటే అది వెళ్ళనివ్వదు. అది పంపిస్తే తర్వాత బతకలేదు. అందుకని పరీక్ష పంపించిందిరా నన్ను. నా కూతురు పంపలేదు. నేనున్నంత కాలం ఇది దానికి చెప్పకు."

మాట ఇచ్చాను. ఆ తర్వాత రెండేళ్ళకు దగ్గరగా ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. మెల్లగా పొద్దున్న పూట కూడా మంచు దిగడం మొదలైంది. నన్ను తొమ్మిదో తరగతి వాడెవడో అనుకునేవారు. "నీ జతగాడేడి?" అని అడిగేవారు. ఒకసారి నా భార్యను తీసుకెళ్తే ఆమె చెప్పుల వైపు చూసి, "వీటితో నడవలేవమ్మా" అన్నారు. అంతకుముందు ఆయన ఆమెను చూసింది లేదు. నా భార్య కారులోకి వచ్చేదాకా ఆగి ఏడ్చింది.

ఈ జూన్‌లో పోయారు. ఇరవైమందిమి ఉన్నాం చర్చిలో. రెస్ట్‌హోమ్ వ్యాన్‌లో నలుగురు ముసలివాళ్ళు వచ్చి మా వెనక వరుసలో కూర్చున్నారు, పాటలు రాకపోయినా పెదాలు కదిపారు. సమాధుల తోటలో మట్టి మీద తెల్లగా మంచు పేరుకుని, పార దిగినప్పుడు పెళుసుగా విరిగింది. అక్క అప్పుడు కూడా ఏడవలేదు.

వారం తర్వాత శనివారం ఆమెకు సాయంగా వెళ్ళాను. సార్ బట్టలు వేరు చేసి, పాత బట్టలమ్మే సేవాసంస్థ దుకాణానికి ఇవ్వాలి. రెస్ట్‌హోమ్‌లో అందరి బట్టలూ కలిపి ఉతుకుతారు కాబట్టి ప్రతి దాని మెడ దగ్గరా పేరున్న తెల్లని గుడ్డముక్క కుట్టి ఉంటుంది. అక్క ముందు గదిలో కింద కూర్చుని చిన్న కత్తెరతో ఆ కుట్లు విప్పుతోంది. నేను మడతలు పెడుతున్నాను.

"నాకు ఒకటే ధైర్యం తమ్ముడూ" అంది, తల ఎత్తకుండా. "నేను పంపలేదు. తనే వెళ్తానన్నాడు. నీకు ఆరో చోటు దొరక్కపోవడం వల్ల కదా, లేకపోతే నేను..."

ఇచ్చిన మాట ఆయనున్నంత కాలానికే. ఆయన లేరు. నా మనసులోనిది నేను మోయలేకపోయాను, అంతే. ఆమె మేలు కోరి చెప్పానని ఇక్కడ రాస్తే అది ఇంకో తొట్టిలో మొహం కడుక్కోవడమే అవుతుంది. మొత్తం చెప్పేశాను. మొదటి కాగితం, ఏడో మెట్లదారి, ఎండిపోయిన తొట్టి, అన్నీ.

అక్క చేతిలో కత్తెర ఆగింది. "అంటే ఆ రాళ్ళు అక్కడే ఉన్నాయా?"

"ఉంటయ్ అక్కా. నేనే చూడలే."

"ఇంత ఆలోచించగలిగినవాణ్ణి... నేను... అక్కడ పెట్టానా?"

నేను కంగారుపడ్డాను. పొద్దున పూట సంగతి, మధ్యాహ్నపు పొగమంచు సంగతి ఆయన మాటల్లోనే చెప్పాను. అది కూడా చాలదేమోనని కారు సంగతి చెప్పాను. "మీరు స్టీరింగ్ మీద పడుకున్నరట అక్కా. లేపుదామంటే గడియ తియ్యరాలేదట. మీరు లేచేదాక కిటికీ కాడ నిలబడ్డరట."

"ఏ రోజు?"

"అక్టోబరుల. పొద్దున."

ఆమెకు గుర్తొచ్చింది. మొహంలో తెలిసింది.

"ఆ రోజు నేను మూడు గంటలు పడుకున్నాను" అంది.

కత్తెర కింద పెట్టి లేచింది. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, సోఫా చేయి పట్టుకుని లేచింది. వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. బయట ఆమె కారు ఉంది, అద్దాల మీద మంచు ఇంకా కరగలేదు, లోపల ఎవరూ లేరు. నేను కత్తెర తీసుకుని, ఆమె వదిలేసిన స్వెట్టర్ మెడ దగ్గర కుట్లు ఒక్కొక్కటే విప్పసాగాను. అది అయ్యాక ఇంకొకటి, ఆ తర్వాత ఇంకొకటి. చివరిది మడిచి పక్కన పెట్టి తల ఎత్తాను. అక్క ఇంకా అక్కడే నిలబడి ఉంది.